పట్టుకి అంటితే విషమేనా? - ఒక పనికిరాని టెస్ట్ కేసు కథ

ముందే చెప్పేస్తున్నాను, నేను కెమిస్ట్రీ మనిషిని కాదు. ఇంజినీరింగు మొదటి సంవత్సరంలో ఉన్న ఒకే ఒక్క కెమిస్ట్రీ పేపరు అత్తెసరు మార్కులతో గట్టెక్కిన బాపతు. పొద్దున్న లేస్తే కోడు రాసుకుని, సాయంత్రం దానికి టెస్టులు రాసుకుని బతికేవాణ్ణి. కాబట్టి రసాయనాల గురించి నేను రాసినదాంట్లో తప్పులుంటే నిర్మొహమాటంగా చెప్పండి, దిద్దుకుంటాను. కానీ టెస్టుల గురించి మాత్రం నాతో వాదనకి దిగకండి. ఏది పనికొచ్చే టెస్టో, ఏది దండగమారి టెస్టో చెప్పడానికే మా కంపెనీవాళ్ళు నాకు జీతమిస్తున్నారు.

ఇంతకీ గొడవేంటంటే...

మేం ఉండేది డాలస్ దగ్గర. ఇక్కడ మన పిల్లలకి శనివారాలు తెలుగు నేర్పే తరగతులున్నాయి. మా అక్క కూతురు అక్కడే చదువుతోంది, దానికి ఎనిమిదేళ్ళు. తరగతుల వార్షికోత్సవానికి పిల్లలతో చేతిపని ఏదైనా చేయించమని నన్ను అడిగారు. నేను పట్టు రుమాళ్ళకి రంగులద్దిస్తానన్నాను. కారణం ఉంది. మా తాతయ్య ధర్మవరంలో పట్టు నూలుకి రంగులద్దేవాడు. ఆ పని నాకు రాలేదు, మా నాన్నకీ రాలేదు. కనీసం దాని వాసనైనా పిల్లలకి చూపిద్దామని ఓ చిన్న ఆశ.

అయితే పిల్లల చేతికి అద్దకం రంగులివ్వలేం కదా. దానికి అమెరికాలో ఇల్లాళ్ళు, టీచర్లు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న చిట్కా ఒకటుంది. కూల్-ఎయిడ్. తెలియనివాళ్ళ కోసం: ఇది మన రస్నాకి అమెరికా వేలువిడిచిన చుట్టం. నెబ్రాస్కా రాష్ట్రంలో హేస్టింగ్స్ అనే ఊళ్ళో ఎడ్విన్ పెర్కిన్స్ అనే ఆయన 1927లో తయారుచేశాడు. అంతకుముందు ఆయన అమ్మింది సీసాల్లో పోసిన పానకం లాంటిది. సీసాలు పగిలిపోవడం, పంపడానికి ఖర్చెక్కువవడం చూసి దాన్ని పొడిగా మార్చాడు. పంచదార కలపని చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి చూడండి, అవీ మనకి కావాల్సినవి. అందులో ఉండేది ముఖ్యంగా సిట్రిక్ యాసిడ్ (మన నిమ్మ ఉప్పే), కాస్త వాసన, కాస్త రంగు. పట్టుకి రంగెక్కాలంటే కావాల్సినవీ అవే, రంగూ, పులుపూ. వాసన ఉచితం :)

ముందు ఓ ఆదివారం మా అక్క వాళ్ళింట్లో ట్రయల్ వేశాం. తెల్ల పట్టు రుమాళ్ళు ఇరవై ఆన్‌లైన్లో తెప్పించాను. గోరువెచ్చని నీళ్ళలో ఓ చుక్క సబ్బు వేసి అరగంట నానబెట్టి పిండాం. గిన్నెలో నీళ్ళు పోసి, రెండు ప్యాకెట్ల చెర్రీ కూల్-ఎయిడ్ కలిపి, రుమాళ్ళు మూడు అందులో వేసి, మరగనివ్వకుండా సన్నటి సెగ మీద ఉంచాం. ఓ ఇరవై నిమిషాలు గడిచాక మా మేనకోడలు స్టూలెక్కి గిన్నెలోకి తొంగిచూసి కేక పెట్టింది.

"మామయ్యా! నీళ్ళు తెల్లగా అయిపోయాయి!"

నిజమే. ఎర్రటి నీళ్ళు దాదాపు మామూలు నీళ్ళయిపోయాయి. రంగంతా గుడ్డలోకి పోయింది. నాకు ఒక్కసారి తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన పొయ్యి మీద తొట్టిలో కర్రలకి వేలాడేసిన పట్టు చిలపల్ని తిప్పుతూ, మధ్యమధ్యలో చెంబుతో కాసిని నీళ్ళు తీసి వెలుతురుకి పట్టి చూసేవాడు. "నీళ్ళు తేరినాయా లేదా" అన్నదొక్కటే ఆయన ప్రశ్న. తేరితే రంగు నూలెక్కినట్టు. తేరకపోతే ఇంకొంచెం పులుపో, ఇంకొంచెం సెగో కావాలన్నట్టు.

ఈలోగా మా మేనకోడలు తన కాటన్ సాక్సు కూడా ఆ గిన్నెలోనే పడేసింది (నన్ను అడక్కుండానే). అరగంట తర్వాత తీసి కడిగితే రుమాళ్ళు ఎర్రగా మందారాల్లా ఉన్నాయి. సాక్సు మాత్రం కడుగుతుంటే రంగు వదిలి, లేతగులాబీ మరకతో వెలవెలబోతోంది. "నా సాక్సుకెందుకు అంటలేదు మామయ్యా?" అంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఇంతకన్నా మంచి ప్రశ్న అడగలేదు. దానికి జవాబు తర్వాత చెప్తాను. ముందు కథ.

వార్షికోత్సవానికి నాలుగు రోజులుందనగా తల్లిదండ్రుల వాట్సాప్ గుంపులోకి ఓ వీడియో దిగింది. ఎవరో ఒకాయన తెల్ల పట్టుగుడ్డని కూల్-ఎయిడ్లో ముంచి, తీసి, కుళాయి కింద కడిగి, రంగు పోలేదని చూపించి, గంభీరంగా "ఇదే మీ పిల్లల కడుపులోకి వెళ్ళేది" అంటాడు. అంతే. గంటలో నలభై మెసేజులు. సాయంత్రానికి నా చేతిపని బల్ల రద్దు. పాపం ఓ పెద్దాయన ఫోన్ చేసి మరీ, "బాబూ, గుడ్డకే ఇంతగా అంటుకుంటే పిల్లల కడుపులో ఏమవుతుందో ఆలోచించావా?" అని మందలించారు.

అయ్యా, మేం పిల్లల చేత తాగించడం లేదు, గుడ్డకి అద్దిస్తున్నాం మహాప్రభో అన్నాను. వినిపించుకుంటేగా! అన్నట్టు ఆ రోజు ఫలహారాల్లో నారింజరంగు జిలేబీ, పచ్చగా మెరిసిపోయే బూందీ లడ్డూ, పెట్టెలకొద్దీ కూల్‌డ్రింకులు ఉన్నాయి. వాటి రంగేమిటని అడిగిన నాథుడు లేడు.

పోనీ, బల్ల రద్దయితే అయింది. నాకు మండింది అందుకు కాదు. రెండు రోజుల తర్వాత అక్క వాళ్ళింటికి వెళ్తే మా మేనకోడలు నాతో "మామయ్యా, ఆ క్లాత్ పాయిజనట కదా, అమ్మ పడేసింది" అంది. సాక్సు ప్రశ్న ఎటు పోయిందో పోయింది. దాని స్థానంలో భయం వచ్చి కూర్చుంది. ఈ టపా రాస్తున్నది అందుకు.

సరే, ఇప్పుడు ఆ వీడియో వాదాన్ని ఒక టెస్టు కేసులా చూద్దాం. టెస్టు ఇదీ: "పట్టుగుడ్డని ఒక పదార్థంలో ముంచు. రంగు అంటి, కడిగినా పోకపోతే అది తినడానికి పనికిరాదు." బాగుంది. దీన్ని నాలుగు పదార్థాల మీద నడుపుదాం.

ఒకటి, పసుపు. కొత్తబట్ట కట్టుకునేముందు మూలకి పసుపు పెట్టే జాతి మనది. ఆ మరక పోతుందా? పులిహోర తింటూ పట్టుపంచె మీద ఒక్క మెతుకు పడేసుకున్నవాణ్ణి అడగండి, వాళ్ళావిడ ఏమందో. పసుపు పట్టుకే కాదు, మందూ మాకూ లేకుండా నూలుగుడ్డకి కూడా అంటుతుంది. ఆ లెక్కన చూస్తే కూల్-ఎయిడ్ కన్నా మొండిది. టెస్టు ఫలితం: విషం. అంటే మనం రోజూ పప్పులో, కూరలో, చారులో విషం వేసుకుంటున్నామన్నమాట. తప్పు ఫలితం.

రెండు, లెడ్ క్రోమేట్. ఇది సీసం, క్రోమియం కలిసిన పచ్చటి పొడి. పెయింట్లలో వాడతారు. పసుపు కొమ్ములు నిగనిగలాడటానికి దీన్ని పూసే దుర్మార్గం బంగ్లాదేశ్‌లో జరుగుతోందని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో బయటపెట్టారు. సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది, అందులో రెండో మాటకి తావు లేదు. మరి ఇది మన పట్టు టెస్టులో ఏమవుతుంది? నీళ్ళలో కరగదు కాబట్టి పట్టు పోగులోకి దిగదు. పైపైన అంటుకున్న పొడి కడిగితే పోతుంది. టెస్టు ఫలితం: సురక్షితం, పిల్లలకి పెట్టుకోవచ్చు. మహాఘోరమైన తప్పు ఫలితం.

మూడు, పంచదార. కూల్-ఎయిడ్ ప్యాకెట్ మీద ఏముంటుందో చదివారా? రెండు క్వార్టుల నీళ్ళకి, అంటే రెండు లీటర్లకి కాస్త తక్కువ నీళ్ళకి, ఒక కప్పు పంచదార కలపమంటుంది. సుమారు 200 గ్రాములు. ఎనిమిది గ్లాసులుగా పంచితే గ్లాసుకి 25 గ్రాములు, ఆరు చెంచాలు. పిల్లాడి పళ్ళకీ ఒంటికీ చేటు చేసేది అందులో ఏదైనా ఉందంటే మొదట వేలు పెట్టి చూపించాల్సింది దాన్ని. కానీ పంచదార తెల్లన. పట్టుకి అంటదు. ఫలితం: సురక్షితం.

నాలుగు, రోడమిన్-బి. ఇది నిజంగానే బట్టలకి వేసే రంగు. తిండిలో వాడకూడదు. పీచుమిఠాయిలో ఇది దొరికిందని 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ఆ మిఠాయినే నిషేధించింది. మరుసటి నెల కర్ణాటక గోబీ మంచూరియాలో, పీచుమిఠాయిలో ఇలాంటి రంగుల్ని నిషేధించింది. ఇది పట్టుకి బ్రహ్మాండంగా అంటుతుంది. ఫలితం: విషం. హమ్మయ్య, ఒక్కటి కరెక్టు!

కానీ చూడండి, అంటుతుందన్న లెక్కలో పసుపూ, రోడమిన్-బీ ఒకే గాటన పడ్డాయి. అంటదన్న లెక్కలో పంచదారా, సీసమూ ఒకే గాటన పడ్డాయి. మంచిదాన్ని చెడ్డదంటుంది, చెడ్డదాన్ని మంచిదంటుంది, ఎప్పుడైనా కరెక్టయితే అది కాకతాళీయం. మా టీములో ఎవరైనా ఇలాంటి టెస్టు రాసి తెస్తే నేను కోపం కూడా తెచ్చుకోను, కాఫీకి తీసుకెళ్ళి నెమ్మదిగా నచ్చజెప్తాను.

మరి పట్టుకి రంగెందుకు అంటింది? ఇప్పుడు సాక్సు ప్రశ్నకొద్దాం.

పట్టు అంటే పురుగు కట్టుకున్న ప్రోటీను. మన జుట్టు, గోళ్ళు, గొర్రె ఉన్ని లాగే. ప్రోటీనులో అక్కడక్కడా అమైనో గుంపులని ఉంటాయి. పులుపు కలిపిన నీళ్ళలో వాటికి ప్లస్ ఛార్జి వస్తుంది. కూల్-ఎయిడ్లో వాడే ఎరుపు 40, పసుపు 5, నీలం 1 అనే రంగులకి సల్ఫొనేట్ గుంపులుంటాయి, వాటికి మైనస్ ఛార్జి. ప్లస్సూ మైనస్సూ కలిస్తే ఏమవుతుందో ఎనిమిదో తరగతి పిల్లాడికీ తెలుసు. సెగ పెడితే పోగు కాస్త వదులై రంగు లోపలిదాకా దిగుతుంది. అందుకే వేడి కావాలి, పులుపు కావాలి, కాస్త ఓపిక కావాలి. కాటన్ మొక్క నుంచి వచ్చిన సెల్యులోజు. దానికి ఆ అమైనో గుంపులు లేవు, పట్టుకోడానికి చెయ్యి లేదు. అందుకే సాక్సు వెలవెలబోయింది. ఇంతే సంగతి! ఇందులో ఎక్కడా కడుపు ప్రసక్తి లేదు.

ఇంకో తమాషా చెప్పాలి. ఆ ఇరవై రుమాళ్ళలో రెండింటికి తర్వాత ఎంత కాచినా రంగెక్కలేదు. పట్టని చెప్పి పాలిస్టర్ అంటగట్టాడు అమ్మినవాడు. అంటే ఈ టెస్టు నిజంగా పనికొస్తుందండీ! రంగు మంచిదా కాదా అని కాదు, గుడ్డ అసలుదా నకిలీదా అని చెప్పడానికి. (ఉన్నికీ నైలానుకీ కూడా ఈ రంగెక్కుతుంది, కాబట్టి పూర్తిగా నమ్ముకోకండి.) టెస్టు గుడ్డ గురించి చెప్తుంటే, ఆ వీడియో మహానుభావుడు కడుపు గురించి విన్నాడు.

ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారని నాకు తెలుసు. "కడుపులో కూడా యాసిడ్ ఉంది కదా, కడుపు గోడ కూడా ప్రోటీనే కదా, అక్కడెందుకు అంటదు?" మంచి ప్రశ్న. ఆ వీడియోలో ఇదొక్కటి అడిగినా నేను దండం పెట్టేవాణ్ణి. మన కడుపు 80 డిగ్రీల్లో కాగదు. లోపలి గోడ మీద జిగురు పొర ఉంటుంది, ఆ గోడ కణాలు కూడా కొద్ది రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. రంగు నీళ్ళు తాగిన పిల్లల నాలుక ఎర్రబడుతుంది, మర్నాటికి పోతుంది. ఈ రంగుల్లో చాలా భాగం రక్తంలోకి వెళ్ళకుండానే కిందికి పోతుంది. నీలం ఐసింగ్ కేకు తిన్న పిల్లల డైపర్ మార్చిన తల్లిదండ్రులకి నేను సాక్ష్యం చూపించక్కర్లేదు. ఎరుపు, పసుపు లాంటి అజో రంగుల్ని పేగుల్లోని బాక్టీరియా కొంత విరగ్గొడుతుంది. ఆ ముక్కలేం చేస్తాయన్నది శాస్త్రవేత్తలు చూడాల్సిన ప్రశ్న, చూస్తున్న ప్రశ్న కూడా. అది ల్యాబుల్లో తేలాలి, కుళాయి కింద గుడ్డ పట్టుకుంటే తేలదు.

"అయితే కూల్-ఎయిడ్ కంపెనీ నీకెంత ఇచ్చింది?" అని అడగబోతున్నారా? ఆగండి. మా మేనకోడలికి కూల్-ఎయిడ్ తాగిస్తారా అంటే నేనూ వద్దనే అంటాను. కారణాలు వేరే ఉన్నాయి, అవి గట్టివి. ఇంగ్లండులో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2007లో ప్రచురించిన పరిశోధనలో కొన్ని కృత్రిమ రంగులూ, సోడియం బెంజోయేటూ కలిపి ఇచ్చినప్పుడు కొందరు పిల్లల్లో అతిచురుకుదనం కాస్త పెరిగినట్టు కనబడింది. ఆ ప్రభావం చిన్నదే, పిల్లలందరిలోనూ ఒకేలా లేదు. అయినా యూరప్ దాన్ని పట్టించుకుని, ఎరుపు 40, పసుపు 5 సహా ఆరు రంగులున్న తిండి మీద హెచ్చరిక ముద్రించాలని 2010 నుంచి నియమం పెట్టింది. (గుంపులో ఒకావిడ రాసినట్టు యూరప్ వీటిని నిషేధించలేదు. ముద్రించమంది. రెండూ ఒకటి కావు.) కాలిఫోర్నియా 2021లో ఇలాంటి పరిశోధనలన్నీ సమీక్షించి, కొందరు పిల్లల మీద ప్రభావం ఉండొచ్చంది. అమెరికా ప్రభుత్వం 2025 జనవరిలో ఎరుపు 3 అనే వేరే రంగుకి తిండిలో వాడే అనుమతి రద్దుచేసింది. అదే ఏడాది జూన్‌లో కూల్-ఎయిడ్ అమ్మే క్రాఫ్ట్ హైంజ్ కంపెనీ, 2027 చివరికల్లా అమెరికాలో తమ సరుకుల్లోంచి ఇలాంటి రంగులన్నీ తీసేస్తామని ప్రకటించింది.

తీసేస్తే సంతోషం. ఆ రంగు వల్ల పిల్లాడికి వచ్చే లాభం సున్నా కాబట్టి, చిన్న అనుమానం ఉన్నా మానుకోవడం తెలివైన పనే. ఇది వాదమంటే. పిల్లల్ని పెట్టుకుని, ఇచ్చి, ఇవ్వక, కొలిచి, లెక్కగట్టి చెప్పిన మాట. దీనికీ పట్టుగుడ్డకీ సంబంధం ఉందా? లేదు. చేరిన ఊరు ఒకటే కదా, ఏ దారైతేనేం అంటారా? దారి తప్పయితే ఇంకోసారి ఇంకో ఊరికి తీసుకెళ్తుంది. పట్టు టెస్టుని నమ్మినవాడు రేపు మెరిసే పసుపుని నమ్ముతాడు.

ఇంకో మాట. రేపు ఆ కంపెనీ నిమ్మకాయ ప్యాకెట్లో కృత్రిమ రంగు తీసేసి అసలు సిసలు పసుపే వేసిందనుకోండి. అదీ పట్టుకి అంటుతుంది. అప్పుడు ఆ వీడియో ఆయన ఏం చేస్తాడో చూడాలని ఉంది.

ఈ "సహజం" పిచ్చి గురించి కూడా రెండు ముక్కలు. గుంపులో ఒకరు "పెట్రోలియం నుంచి తీసిన రంగట, ఛీ" అన్నారు. జ్వరమొస్తే వేసుకునే పారసెటమాల్ కూడా పెట్రోలియం సరుకు నుంచే తయారవుతుంది, అప్పుడు ఛీ అనలేదు. నీలిమందు మొక్క నుంచి తీసినా, 1897 నుంచి జర్మనీ కంపెనీ అమ్మినట్టు ఫ్యాక్టరీలో చేసినా అణువు అదే. సహజమైన ఎర్రరంగు కావాలా? కొచినీల్ అని ఉంది, పూర్తిగా సహజం, వందల ఏళ్ళుగా పట్టుకి అద్దుతున్నారు, తిండిలోనూ వేస్తున్నారు. అది ఎండబెట్టిన పురుగులు నూరి చేసింది. గుంపులో ఉల్లిపాయ కూడా తినని కుటుంబాలు నాలుగున్నాయి, వాళ్ళకి చెప్పమంటారా? బీట్‌రూటు రంగు సహజమే, కానీ పట్టు మీద నిలవదు. నిలవలేదు కాబట్టి పసుపు కన్నా ఆరోగ్యమా? మళ్ళీ మొదటికొచ్చాం.

నిజానికి రంగుల విషం గురించి ఎవరికైనా నిజమైన దిగులుంటే అది వెళ్ళాల్సిన చోటు వేరే ఉంది. మా తాతయ్య చేతులు నాకు గుర్తు. సబ్బూ సోడా వేసి ఉడకబెట్టి పట్టు జిగురు తీసేటప్పుడూ, మరిగే తొట్టిలోంచి చిలపలు ఎత్తేటప్పుడూ ఆయనకి గ్లోవ్స్ లేవు. గోళ్ళ చుట్టూ చర్మం పగిలి, ఆ పగుళ్ళలో ఏ వారం రంగు ఆ వారం ఉండేది. ముఖానికి గుడ్డ కట్టుకోకుండా రంగు పొడులు తూచేవాడు. ఆ తొట్టి నీళ్ళు ఎటు పోయేవో నేనెప్పుడూ అడగలేదు. మనింటి పెళ్ళిపట్టుచీర వెనక ఇలాంటి చేతులు ఎన్నో ఉంటాయి. కూల్-ఎయిడ్ గిన్నె చూసి ఉలిక్కిపడిన నలభైమందిలో, తాము కట్టుకున్న పట్టుచీరకి రంగెవరు అద్దారు, ఆయన చేతులెలా ఉన్నాయి అని ఎప్పుడైనా అనుకున్నవాళ్ళెందరు? ఎవరినో అనడమెందుకు, నేనూ ఇరవయ్యేళ్ళు వచ్చేదాకా అనుకోలేదు.

చివరగా ఓ పిట్టకథ. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే కుర్రాడుండేవాడు. (కూల్-ఎయిడ్ పెర్కిన్స్‌తో చుట్టరికం లేదు లెండి, పేరు పోలికంతే.) వయసు 18. సెలవుల్లో ఇంట్లోనే పెట్టుకున్న చిన్న ల్యాబులో మలేరియా మందు క్వినైన్ తయారుచేద్దామని కూర్చున్నాడు. అది రాలేదు, నల్లటి మడ్డి వచ్చింది. దాన్ని ఆల్కహాలుతో కడుగుతుంటే ఊదారంగు తేలింది. ఇంకొకడైతే పారబోసేవాడు. వీడు ఒక పట్టుగుడ్డ ముక్క అందులో ముంచి చూశాడు. అంటింది. కడిగినా పోలేదు. ఎండలో పెట్టినా పోలేదు. కృత్రిమ రంగుల పరిశ్రమంతా అక్కణ్ణించి మొదలైంది. ఆ తర్వాత ఎన్నో మందుల పరిశోధన కూడా ఆ రంగుల కంపెనీల్లోంచే పుట్టింది. అందులో మంచీ ఉంది, నదుల్ని పాడుచేసిన చెడూ ఉంది. కానీ మొదలు మాత్రం, ఇంట్లో ఒక కుర్రాడు పట్టుగుడ్డని రంగునీళ్ళలో ముంచి "ఎందుకంటింది?" అనుకోవడం. వాళ్ళమ్మ "పాయిజన్ నాన్నా, పడెయ్" అని ఉంటే?

మా మేనకోడలు పెర్కిన్ అవుతుందని నేననడం లేదు. కానీ సాక్సుకెందుకు అంటలేదని అడిగిన పిల్లకి మనం జవాబు బాకీ ఉన్నాం. జవాబు తెలియకపోతే "తెలీదమ్మా, కనుక్కుందాం" అనొచ్చు. అది చాలు. "అమ్మో కెమికల్స్" అన్నది జవాబు కాదు. పిల్లల నోట్లోకి ఏం పోతోందో చూడ్డం తల్లిదండ్రుల బాధ్యత, కాదన్నవాడు లేడు. పిల్లల బుర్రలోకి ఏం పోతోందో చూడ్డం కూడా వాళ్ళ బాధ్యతే.

అక్కతో గంటసేపు గొడవపడ్డాను. చివరికి "సరే, తాగకూడదు, అద్దుకోవచ్చు" అన్న రాజీకొచ్చింది. నేను మొదట్నించీ మొత్తుకుంటున్నదీ అదే. కాబట్టి వచ్చే ఆదివారం మా గరాజులో అద్దకం. మా మేనకోడలూ, దాని స్నేహితులు ముగ్గురూ వస్తున్నారు. నాలుగు గిన్నెలు పెడుతున్నాను. ఒకదాంట్లో చెర్రీ కూల్-ఎయిడ్, ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో బీట్‌రూటు, ఒకదాంట్లో ఉత్త పంచదార నీళ్ళు. ప్రతి గిన్నెలోనూ ఓ పట్టు ముక్క, ఓ కాటన్ ముక్క. ఎందులో ఏది ఎందుకంటిందో, ఎందుకంటలేదో పిల్లలే పలక మీద రాస్తారు. ఆ పెద్దాయన్ని కూడా పిలిచాను. వస్తే ఓ కప్పు కాఫీ ఇచ్చి, పిల్లల చేతే చెప్పిస్తాను.

తా.క.: ఇంట్లో చేద్దామనుకునేవాళ్ళకి. పంచదార కలిపిన ప్యాకెట్లు వాడకండి, గుడ్డ జిగటైపోతుంది. ఇండియాలో ఉన్నవాళ్ళు కేకుల్లో వేసే ఫుడ్ కలరూ, కాస్త నిమ్మ ఉప్పూ వాడుకోవచ్చు, పని అదే. ద్రాక్ష రుచి ప్యాకెట్లో ఎరుపూ నీలం ఒకే వేగంతో ఎక్కవు, మచ్చలు మచ్చలుగా వస్తే కంగారుపడకండి, అదో అందం. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్ళదే. ఉతికేటప్పుడు విడిగా చల్లటి నీళ్ళలో ఉతకండి, ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మమ్మ పట్టుచీర మీద మాత్రం ప్రయోగాలు చెయ్యకండి. ఆ ప్రమాదానికి శాస్త్రం దగ్గర కూడా విరుగుడు లేదు :)